బాస్ గ్రబ్‌లు మన చెరువుల్లో పనిచేస్తాయా? చేప వెనకాలే వచ్చి తిరిగిపోతోంది

తిరుచానూరు గాలం:

అందరికీ నమస్కారం. ఎర్రలు గుచ్చి గాలం వెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. లూర్లు, అంటే చేపని మోసం చేసే నకిలీ ఎరలు, మాత్రం కొత్త. మా బావ డల్లాస్‌లో ఉంటాడు, సెలవు దొరికితే చాలు బాస్ చేపల కోసం ఏదో ఒక లేక్ దగ్గర తేలతాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మెత్తటి ప్లాస్టిక్ గ్రబ్‌లు రెండు ప్యాకెట్లు ఇచ్చి వెళ్ళాడు. మూడంగుళాలవి, తోక వంకర తిరిగి పల్చగా ఉంది. ఒకటి తెలుపు, ఇంకోటి పుచ్చకాయ తొక్క రంగు మీద నల్ల చుక్కలు. వాటికి 3.5 గ్రాముల జిగ్ హెడ్లు (తల దగ్గర సీసం గుండు ఉన్న గాలాలు) కూడా ఇచ్చాడు.

నా దగ్గర ఏడడుగుల మీడియం రాడ్, 3000 సైజు రీల్, 20 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం) ఉన్నాయి. చంద్రగిరి వైపు తెలిసినవాళ్ళ చెరువులో వేసి చూశాను. మొదటిది, లైన్ మెలికలు పడిపోతోంది, కాసేపటికే రీల్ మీద ముడులు. రెండోది, ప్రతిసారీ గాలానికి నాచు పట్టుకుని వస్తోంది. అన్నిటికన్నా బాధ ఏంటంటే, గట్టు దగ్గరికి వచ్చేదాకా కొర్రమీను వెంటపడి, చివర్లో పక్కకి తిరిగి వెళ్ళిపోతోంది. కళ్ళారా చూశాను. బావని అడిగితే "అక్కడి చేపల సంగతి నాకేం తెలుసు" అన్నాడు. ఇక్కడ ఎవరైనా గ్రబ్‌లు వాడుతున్నారా? రంగు మార్చాలా, సైజు మార్చాలా?

గట్టు మీద మనిషి:

తమ్ముడూ, నాది చిత్తూరు. ఉద్యోగం కోసం టెక్సస్‌లో చాలా ఏళ్ళు ఉండి వచ్చాను. అక్కడ నేను లేక్ ఫోర్క్‌లో బాస్ పట్టింది ఎక్కువగా గ్రబ్‌ల మీదే. బోటుల్లో తిరిగేవాళ్ళ దగ్గర ఖరీదైన లూర్లు ఎన్నో ఉంటాయి. నాకు మాత్రం జేబులో పట్టే ఈ చిన్న ప్లాస్టిక్ ముక్క మీదే ప్రేమ. అందుకే నీ ప్రశ్న చూడగానే కూర్చుని రాస్తున్నా.

ముందు లైన్ మెలిక సంగతి. అది రీల్ తప్పు కాదు, గ్రబ్ జిగ్ హెడ్ మీద వంకరగా కూర్చుంది. ఒళ్ళు కొంచెం వంగినా నీళ్ళలో అది గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడంతా లైన్‌కి ఎక్కుతుంది. గుచ్చేముందు గ్రబ్‌ని జిగ్ హెడ్ పక్కన పెట్టి చూడు. గ్రబ్ ముక్కు సీసం గుండుకి ఆనినప్పుడు, గాలం వంపు మొదలయ్యే చోటు గ్రబ్ ఒంటి మీద ఎక్కడ వస్తుందో గోరుతో గుర్తు పెట్టుకో. ముక్కు మధ్యలో గుచ్చి, ఒంటి నడుమగుండా తీసుకొచ్చి, సరిగ్గా ఆ గుర్తు దగ్గరే ముల్లు బయటికి తియ్యి. అచ్చులో పోసినప్పుడు పడిన సన్నటి గీత ఒంటి పొడవునా కనిపిస్తుంది, ముల్లు ఆ గీత మీదే బయటికి రావాలి. తర్వాత గట్టు పక్కన నీళ్ళలో ఒక మూర దూరం లాగి చూడు. తోక మాత్రమే ఆడాలి, ఒళ్ళు కదలకూడదు. ఒళ్ళు తిరిగితే తీసి మళ్ళీ గుచ్చు. రెండు నిమిషాల పని, కానీ గ్రబ్‌లో సగం విద్య ఇదే.

ఇక తిరిగిపోయే చేప. నువ్వు వేగంగా చుడుతున్నావనుకుంటా. ఈ వంకర తోక 1970ల్లో లూసియానాలోని మిస్టర్ ట్విస్టర్ కంపెనీతో బాగా పేరులోకి వచ్చింది. అందులో గొప్పతనమంతా నెమ్మదిగా లాగినా తోక ఆగకుండా ఆడడమే. మనం రాడ్‌ని ఊపక్కర్లేదు, జెర్కులు ఇవ్వక్కర్లేదు. తోక ఆడినప్పుడు పుట్టే అదురుని చేప ఒంటి పక్కన ఉండే గీతతో పసిగడుతుంది, మురికి నీళ్ళలో కూడా. కాబట్టి తోక ఆడడానికి ఎంత వేగం చాలో అంతే చుట్టు. వెంటపడుతున్న చేప కనిపిస్తే గాభరాపడి వేగం పెంచకు. రెండు సెకన్లు చుట్టడం ఆపి కిందికి జారనివ్వు. బాస్ చాలాసార్లు ఆ జారేటప్పుడే నోట్లో వేసుకుంటుంది. లైన్ ఉన్నట్టుండి వదులైతే, లేదా పక్కకి జరిగితే, అదే కాటు. చేతికి ఏమీ తెలియదు, కాబట్టి కన్ను లైన్ మీదే ఉండాలి.

లోతు తెలుసుకోవడానికి అక్కడ అందరూ చేసేది లెక్కపెట్టడం. మూడంగుళాల గ్రబ్ 3.5 గ్రాముల హెడ్ మీద సుమారుగా సెకనుకి అడుగు దిగుతుంది. నీళ్ళని తాకగానే ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టి చుట్టు. ఐదు దగ్గర కాటు పడితే మళ్ళీ ఐదుకే రా. గాలి, లోతు ఒప్పుకున్నంతవరకు తేలిక హెడ్ వాడడమే మంచిది. 7 గ్రాములది పెడితే రాయిలా దిగిపోతుంది, చేపకి ఆలోచించే వ్యవధి ఉండదు.

నీ 20 పౌండ్ల బ్రెయిడ్ ఇంత తేలిక లూర్‌కి లావు, దూరం పడదు. 8 లేదా 10 పౌండ్లది చుట్టించి, చివర మూడు నాలుగు అడుగులు ఫ్లోరోకార్బన్ లీడర్ (లూర్‌కి ముందు కట్టే, నీళ్ళలో అంతగా కనబడని దారం ముక్క) కట్టు. కాటు పడ్డాక రాడ్‌ని గట్టిగా ఎగరేసి లాగకు. జిగ్ హెడ్ గాలం సన్నం, వంగిపోతుంది. వదులు చుట్టేసుకుని, బరువు తగలగానే రాడ్‌ని పక్కకి ఒరగదీస్తే చాలు.

రంగు గురించి తల బద్దలు కొట్టుకోకు. నీళ్ళు తేటగా ఉంటే ఆ పుచ్చకాయ రంగు, ఎర్రమట్టి నీళ్ళయితే నలుపో మెరిసే పసుపుపచ్చో. తెలుపు రెండింటికీ మధ్యలో నడుస్తుంది.

పిచ్చాటూరు ఏటి ఒడ్డు:

అన్న చెప్పిందంతా బాస్‌కి సరే. కానీ కొర్రమీనుకి గ్రబ్ ఏంది సామీ? తామరాకుల మధ్య, నాచు మీద కప్ప లూర్ లాగాల్సిందే. మేం అరణియార్ వైపు కప్పతోనే పడతాం. ముల్లు బయటికి ఉన్న గ్రబ్ నాచులో వేస్తే నాచే పడుతుంది, చేప పడదు.

ఇంకో మాట. చెరువుల్లో ఎక్కువగా పెంచేది బొచ్చె, శీలావతి, మోసు. అవి లూర్ వెంటపడే రకం కాదు, రోజంతా గ్రబ్ లాగినా లాభం లేదు. ఆ చెరువులో కొర్రమీనో వాలుగో ఉందని ముందు తెలుసుకుని పోండి. చాలా చెరువులు సొసైటీ చేతిలోనో, పాట పాడుకున్నవాళ్ళ చేతిలోనో ఉంటాయి, అడక్కుండా రాడ్ తియ్యొద్దు. కల్యాణి డ్యామ్ వైపు అసలు పోవద్దు, అది తాగునీరు, చుట్టూ అడవి.

గట్టు మీద మనిషి:

తమ్ముడు చెప్పింది నిజం, దట్టమైన నాచు మీద కప్పే రాజు. నేను కాదనను. కానీ కొర్రమీను ఎప్పుడూ నాచు కిందే ఉండదు. పొద్దెక్కాక నాచు అంచుల వెంట, తూము దగ్గర, రాళ్ళ కట్ట పక్కన కొంచెం లోతులోకి దిగుతుంది. పైన కప్ప తిరిగినా పట్టించుకోదు. అప్పుడు దాని కళ్ళ ముందు నెమ్మదిగా జారే గ్రబ్ వేరే సంగతి.

నాచు పట్టకుండా ఉండాలంటే జిగ్ హెడ్ తీసెయ్. మెడ దగ్గర మెలిక ఉన్న ఆఫ్‌సెట్ గాలం దొరుకుతుంది, దాని ముందు లైన్ మీద బుల్లెట్ ఆకారం సీసం జారవిడుస్తారు. టెక్సస్ రిగ్ అంటారు. ముల్లుని గ్రబ్ ఒంట్లోకే మళ్ళీ దాచెయ్యి. దీనికి మూడంగుళాలది చిన్నదైపోతుంది, నాలుగైదు అంగుళాలది తీసుకో. గాలం కూడా లావుగా ఉండాలి, కొర్రమీను దవడ ఎముక గట్టిది. ఇక్కడ మాత్రం 20 పౌండ్ల బ్రెయిడే వాడు, ఇందాక చెప్పిన సన్న లైన్ ఖాళీ నీళ్ళకే. ముల్లు లోపల దాగి ఉంటుంది కాబట్టి ఈసారి కొంచెం బలంగానే లాగాలి.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది కదా, ఆ బుడగ కనిపించిన చోటే వేస్తే బెదిరిపోతుంది. దాన్ని దాటించి వేసి, ఆ దారిన లాక్కురా. ఒక్కటి బతిమాలి చెబుతున్నా: నీళ్ళ మీద ఎర్రగా పిల్లల గుంపు కదులుతుంటే, కింద తల్లీతండ్రీ కాపలా కాస్తుంటాయి. అవి కోపంతో దేన్నైనా కొరుకుతాయి, అప్పుడు పట్టడం చాలా సులువు. పట్టొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని నిమిషాల్లో మిగతా చేపలు తినేస్తాయి. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ పడితే తిరిగి నీళ్ళలోకి వదలాల్సిందే, అక్కడ చట్టం అది. ఇక్కడ చట్టం సంగతి ఎలా ఉన్నా మనకి మనసు ఉంది కదా.

సూళ్ళూరుపేట ఉప్పునీళ్ళు:

బాస్ కావాలంటే మా వైపు రా బ్రదర్. మీ బావ పట్టే బాస్ వేరు, మన పండుగప్ప వేరు. దీన్ని కూడా ఇంగ్లిష్‌లో సీ బాస్ అంటారు, కొట్టుడు మాత్రం ఇంకా గట్టిది. నీళ్ళు సముద్రం వైపు దిగేటప్పుడు రాళ్ళ పక్కన, వంతెన స్తంభాల నీడలో కాచుకుని ఉంటుంది. నేను వాడేది నాలుగైదు అంగుళాల తెల్ల గ్రబ్, 10 గ్రాములకి పైన హెడ్, గట్టి గాలం. మీరు రాసిన 10 పౌండ్ల లైన్ ఇక్కడ తెగుతుంది. దాని చెంప మూత అంచు బ్లేడులా ఉంటుంది, 30 పౌండ్ల లీడర్ తప్పనిసరి. చేప బయటికి వచ్చాక అక్కడ వేలు పెట్టొద్దు.

పులికాట్‌లో చాలా భాగం పక్షుల అభయారణ్యం. మత్స్యకార ఊళ్ళకి ఎవరి చోట్లు వాళ్ళకి ఉంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళని, అటవీ శాఖవాళ్ళని అడిగి రండి.

తిరుచానూరు గాలం:

అందరికీ చాలా థాంక్స్. ఈ పొద్దున గ్రబ్ సరిగ్గా గుచ్చి నీళ్ళలో లాగి చూశాను, తోక ఒక్కటే ఆడుతోంది. లైన్ మెలిక పోయింది. చేప ఇంకా పడలేదు, కానీ ఒకటి జారేటప్పుడు తాకి వదిలేసింది, లైన్ పక్కకి జరగడం చూశాను. చెయ్యి వణికింది అన్నా. ఒక చిన్న డౌట్: బండి డిక్కీలో పెట్టిన ప్యాకెట్‌లో కొన్ని గ్రబ్‌ల తోకలు ఎండకి వంగిపోయాయి. తెల్లవాటికి పచ్చరంగు అంటుకుంది. పారెయ్యాలా?

గట్టు మీద మనిషి:

పారెయ్యకు. మరిగించి దించిన నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి, తోకని సరిచేసి, చల్లనీళ్ళలో వెయ్యి. మళ్ళీ మామూలు ఆకారానికి వస్తుంది. రంగు అంటుకున్నది పోదు, అయినా చేపకి పట్టింపు లేదు, అలాగే వాడు. ఇకమీద ఏ రంగుది ఆ ప్యాకెట్‌లోనే ఉంచు, తిరుపతి ఎండలో డిక్కీలో వదలకు. మామూలు ప్లాస్టిక్ డబ్బాలో విడిగా పోసినా ప్రమాదమే, ఆ మెత్తదనం కోసం కలిపే నూనె డబ్బాని కూడా కరిగిస్తుంది.

చిరిగిపోయిన గ్రబ్‌ని మాత్రం నీళ్ళలో విసరకు. చేప మింగితే అరగదు, పొట్టలోనే ఉండిపోతుంది. నేను చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెస్తాను, మా ఆవిడ తిట్టినా సరే.

తాకి వదిలేసిన చేప అక్కడే ఉంటుంది. సాయంత్రం ఎండ తగ్గాక అదే చోటికి, అదే లెక్కకి వెయ్యి. ఈసారి రెండంగుళాల గ్రబ్, 1.8 గ్రాముల హెడ్ దొరికితే పెట్టు. అది కొర్రమీను కాకపోయినా, జిలేబి చేప పడినా రాడ్ వంగుతుంది. ఏం పడిందో ఇక్కడ రాయి, చూస్తుంటా.