మోటబిలిటీ కారుకు గీతలు పడితే దిద్దించాలా, వదిలేయాలా?

లెస్టర్_ఇంటి_నుంచి
బ్రిటన్‌లో మోటబిలిటీ స్కీమ్ (వికలాంగులకు వాళ్ల ప్రభుత్వ భత్యం మీద కారు లీజుకిచ్చే పథకం) కింద తీసుకున్న మెటాలిక్ నీలం (లోహపు రేణువులు కలిసిన రంగు) కారు. మూడేళ్ల లీజులో ఇంకా 8 నెలలుంది. కారు స్థితి ఇది: వెనక బంపర్ పైఅంచున చక్రాల కుర్చీ ఎక్కించి దించేటప్పుడు పడ్డ సన్నగీతలు చాలా ఉన్నాయి. వెనక తలుపు మీద 40 మి.మీ. గీత ఒకటి, దాని మధ్యలో బూడిదరంగు ప్రైమర్ (రంగు కింది పూత) బయటపడింది. ఒక చక్రం అంచు రోడ్డు పక్క రాయికి రాసుకుంది. టచప్ పెన్నుతో (గీతల్లో రంగు పూసే పెన్ను) పూసేయమని ఒకరు, చెయ్యి పెట్టొద్దని మరొకరు అంటున్నారు. ఏది సరి?

వదిలేయండి_అంటాను
చెయ్యి పెట్టొద్దు. కారు మీది కాదు, స్కీము నడిపే కంపెనీ మోటబిలిటీ ఆపరేషన్స్‌ది. పిప్ లేదా డీఎల్ఏ అనే వికలాంగుల భత్యంలోంచి మీరు కట్టేది అద్దె. మూడేళ్లు వాడిన కారు వాడినట్టే ఉంటుందని లీజు ఇచ్చేవాళ్లకూ తెలుసు. చక్రాల కుర్చీ ఎక్కించడానికే ఆ కారు ఇచ్చారు, ఆ పనిలో పడ్డ గీతలకు మనం దోషుల్లా తలదించుకోవడం దేనికి? కొనుక్కున్న కారు మీద ఉండే మమకారంతో అద్దె కారు మీద డబ్బు పోస్తే అది తిరిగి రాదు.

రంగుపని_తెలిసినవాడు
మాట సగం నిజం. అరుగుదలకు కూడా కొలత ఉంది. బ్రిటన్ లీజు రంగంలో ఎక్కువమంది చూసేది బీవీఆర్ఎల్ఏ (వాహనాలు అద్దెకు, లీజుకు ఇచ్చే కంపెనీల సంఘం) పెట్టిన ప్రమాణం: 25 మి.మీ. లోపు గీత, ప్రైమర్ గానీ లోహం గానీ కనిపించకపోతే, వయసును బట్టి మామూలు అరుగుదల. చక్రం అంచు మీద మొత్తం 50 మి.మీ. దాకా రాపిడి పరవాలేదు. మీ లీజుతో వచ్చిన స్థితి నిబంధనలే చివరి మాట, ముందు అవి తీసి చదవండి. కానీ ఈ కొలతతో చూస్తే తలుపు మీది గీత రెండు లెక్కల్లోనూ దాటిపోయింది. పొడవులో దాటింది, ప్రైమర్ కూడా కనిపిస్తోంది. బంపర్ గీతల సంగతి వేరు.

ముందు లోతు తేల్చుకోండి. గీతను తడపండి. నీళ్లున్నంతసేపు మాయమైతే అది రంగు పైన ఉన్న పారదర్శక పొర, క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. గోరు అడ్డంగా జార్చితే తగులుకోకపోతే పాలిష్‌తో పోతుంది. తగులుకుంటే పోదు. క్లియర్ కోట్ మందం దాదాపు 40 నుంచి 50 మైక్రాన్లే, అంటే మామూలు కాగితం మందంలో సగం. అందుకే గీత పోయేదాకా రుద్దుతూ కూర్చోకూడదు. గీత అడుగు వరకూ కాదు, దాని అంచుల పదును తగ్గేవరకే. ఎండను అడ్డుకునే పొర ఆ క్లియర్ కోటే, పలుచబడితే కొన్నాళ్లకు పొలుసులుగా లేస్తుంది.

లెస్టర్_ఇంటి_నుంచి
గోరు తలుపు మీద తగులుకుంటోంది, బంపర్ మీద లేదు. అయితే తలుపుకు టచప్ పెన్ను వాడొచ్చా?

రంగుపని_తెలిసినవాడు
మెటాలిక్ రంగుకు వద్దంటాను. రంగు కోడ్ చాలా కార్లలో తలుపు చట్రం మీది స్టిక్కరులో ఉంటుంది, సరైన సీసా కొనొచ్చు. అయినా తేడా తెలుస్తుంది. రంగులోని లోహపు రేణువులు స్ప్రే చేసినప్పుడు ఒక తీరుగా, కుంచెతో పూసినప్పుడు మరో తీరుగా పడతాయి. ఒక పక్క నుంచి సరిపోయినట్టుంటుంది, మరో పక్క నుంచి నల్లగా చార కనిపిస్తుంది. పైగా పెన్ను గీత అంచు దాటి బొబ్బలా ఎత్తుగా ఆరుతుంది. కారు వెనక్కి తీసుకునేటప్పుడు చూసేవాళ్లకు గీత కంటే ఆ బొబ్బే ముందు కనిపిస్తుంది. రంగు కలవని, ఊడుతున్న మరమ్మతును బీవీఆర్ఎల్ఏ ప్రమాణం అరుగుదల కింద ఒప్పుకోదు. అరుగుదలకు ఉన్న మాఫీ చెడిన మరమ్మతుకు లేదు, ఇది గుర్తుంచుకోండి.

బీమా_ముందు
ఇక్కడ అందరూ దాటేస్తున్న సంగతి ఒకటుంది. తలుపు గీత ఎలా పడింది? పార్కింగులో వేరే కారు తలుపు తగిలితే అది ప్రమాదం, బీమాకు చెప్పాల్సిన ఘటన. స్కీములో బీమా లీజులోనే కలిసి ఉంటుంది, 2023 సెప్టెంబరులో ఆ పని డైరెక్ట్ లైన్ గ్రూపు చేతికొచ్చింది. ఫొటోలు తీసి తేదీతో పెట్టుకుని స్కీము బీమా వాళ్లకే ఫోన్ చేయండి. వాళ్లు చెప్పిన గ్యారేజీలో చేయిస్తే రంగు పని బాధ్యత మీమీద ఉండదు. మీ చేతి నుంచి ఎక్సెస్ (క్లెయిములో మీరు భరించే వాటా) పోతుంది, నిజమే. ఒక్కో ఘటనకు ఒక్కో ఎక్సెస్. అందుకే తలుపునీ చక్రాన్నీ ఒకే ఘటనగా కలిపి చెప్పే ఆలోచన చేయొద్దు, అది అబద్ధపు క్లెయిము అవుతుంది.

వదిలేయండి_అంటాను
బీమా గ్యారేజీలో కారు వారం రోజులు ఉండిపోతే, కుర్చీ మనిషి ఆసుపత్రికి ఎలా వెళ్లాలి? బదులు కారుకు ర్యాంపు, చేతి కంట్రోళ్లు ఉంటాయని నమ్మకం ఉందా? 8 నెలల్లో తిరిగిచ్చేసే కారు మీది గీత కోసం మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

బీమా_ముందు
అది సరైన అభ్యంతరం. బుక్ చేసేముందే అడగాల్సిన మాట అదే: బదులు వాహనంలో మా అమరికలు ఉంటాయా, లేదంటే పని ఎన్ని రోజుల్లో అవుతుంది? జవాబు నచ్చకపోతే తేదీ జరపమనండి. కానీ గీత చెప్పకుండా దాచడానికి అది కారణం కాదు. లోహం దాకా తెగితే బ్రిటన్ చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు తగిలి తుప్పు మొదలవుతుంది. అది 8 నెలలు ఆగదు. ప్రైమర్ దగ్గరే ఆగిందా, మెరిసే లోహం కనిపిస్తోందా అని టార్చి పెట్టి చూడండి.

సెన్సరు_గురించి
బంపర్ సంగతి. కొత్త కార్లలో చాలావాటికి పక్క దారిలో వచ్చే వాహనాన్ని చూసే రాడార్లు వెనక బంపర్ రెండు మూలల్లో, ప్లాస్టిక్ వెనక ఉంటాయి. అక్కడ ఫిల్లర్ పెట్టినా, రంగు మీద రంగు మందంగా కొట్టినా రాడార్ తరంగాలు బలహీనపడతాయి, లోహపు రేణువులున్న రంగైతే మరీ ఎక్కువ. అందుకే చౌకగా ఇంటికొచ్చి రంగు వేసేవాళ్లను పిలిచేముందు, మీ మోడల్లో రాడార్ ఎక్కడుందో కారు పుస్తకంలో చూడండి. బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు. క్లియర్ కోట్ గీతలైతే పాలిష్ చాలు: కడిగి, ఆరబెట్టి, పక్క రబ్బరు అంచులకు టేపు వేసి, సన్నని కాంపౌండుతో (పాలిష్ పేస్టు) మెత్తటి ప్యాడ్ మీద నాలుగైదు వరుసలు. ఒక చోట చిన్నముక్క పూర్తిచేసి చూశాకే మిగతాది.

చక్రం_అంచు
అల్లాయ్ చక్రం వెలుతురులో వలయాల్లా మెరిసే రకం, అంటే లేతు మీద కోసిన డైమండ్ కట్ అయితే ఇంట్లో దిద్దడం అసలు కుదరదు. షాపులో మళ్లీ కోయించినా ప్రతిసారీ కొంత లోహం పోతుంది. 50 మి.మీ. లోపే అయితే ముట్టుకోకండి.

లెస్టర్_ఇంటి_నుంచి
తలుపుకు బీమా, చక్రానికి వదిలేయడం, ఇంతవరకు అర్థమైంది. బంపర్ పాలిష్ చేశాక మళ్లీ రేపు కుర్చీ తగిలితే?

రంగుపని_తెలిసినవాడు
పాలిష్ తర్వాత పైఅంచుకు రంగును కాపాడే పారదర్శకమైన పీపీఎఫ్ ఫిలిం వేయించండి, 10 సెం.మీ. వెడల్పు చాలు. లేదంటే డిక్కీ లోంచి వెనక్కి మడిచి పరిచే రబ్బరు చాప, కుర్చీ దించేటప్పుడు మాత్రమే పరవొచ్చు. కొత్తగా రంగు వేసిన చోట మాత్రం నెల రోజులైనా ఆగి అంటించాలి, లేకపోతే ఫిలిం లాగేటప్పుడు రంగు దానితో లేచొస్తుంది. లీజు ముగిసేటప్పుడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ, ఫిలింను తనమీదికే వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే బంక మిగలకుండా వస్తుంది.

వదిలేయండి_అంటాను
ఫిలిం మీద ఒప్పుకుంటాను, తలుపు మీదా ఒప్పుకుంటాను. బంపర్ పాలిష్ మాత్రం ఇప్పటికీ అనవసరమే. ఆ గీతలు కుర్చీ వాడకానివి. తిరిగిచ్చే రోజున కుర్చీ అక్కడే ఉంచి, గీతలు ఎలా పడ్డాయో చెబితే చాలు.