తెల్లబట్ట, దురద, వాసన: ఒకే మాత్రతో మూడు నెలలు పోగొట్టుకున్నాను

మల్లెతీగ (మారతహళ్లి):
అక్కలకు నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం, పీజీలో ఉంటున్నాను. మూడు నెలలుగా ఎవరికీ చెప్పుకోలేకపోయిన సంగతి ఇది. గొంతునొప్పికి యాంటీబయాటిక్ వాడిన వారంలోనే కింద విపరీతమైన దురద మొదలైంది. విరిగిన పాలలాంటి తెల్లటి ముద్దలు, మూత్రం పోసినప్పుడు మంట. అమ్మకు ఫోను చేస్తే వేడి చేసి ఉంటుంది, సబ్జా నీళ్లు తాగమంది. తాగాను, తగ్గలేదు. మందుల షాపులో అబ్బాయి ముందు నోరు పెగలక, అలర్జీ అని చెప్పాను. ఒక ట్యూబును పేపరులో చుట్టి ఇచ్చాడు. రెండు రోజులు హాయిగా ఉంది, నాలుగో రోజుకు మొదటికంటే ఎక్కువైంది. చివరికి స్నేహితురాలు చెప్పిన ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి వేసుకుంటే వారంలో పోయింది.

పోయిన నెల మళ్లీ తెల్లబట్ట కనిపించింది. అదే మాత్ర వేసుకున్నాను. వారం ఆగి ఇంకొకటి. ఏమీ మారలేదు. ఈసారి దురద పెద్దగా లేదు. పలుచగా, బూడిద రంగులో ఉంటోంది, చేపల వాసన. ఆఫీసులో ఎవరైనా పక్కకు వస్తే కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నాను. నాకు పెళ్లి కాలేదు. డాక్టరు ఏమడుగుతారోనని భయం. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

వార్డు సిస్టర్:
చెల్లీ, నేను స్త్రీల ఓపీలో పనిచేసే నర్సును. నువ్వు రాసినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. మొదటిది కాండిడా అనే ఫంగస్ పని అయి ఉంటుంది. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా ఉండి, లోపలి పీహెచ్‌ను (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 దాటకుండా పుల్లగా ఉంచుతుంది. యాంటీబయాటిక్ గొంతులోని క్రిములతో పాటు వాటినీ చంపేస్తుంది. అప్పుడు ఫంగస్ పెరుగుతుంది. దురద, మంట, ముద్దలు ఉంటాయి గానీ వాసన దాదాపు ఉండదు.

రెండోది బాక్టీరియల్ వెజైనోసిస్ లాగా ఉంది. ఓపీలో బీవీ అంటాం. అక్కడ మంచి బాక్టీరియా తగ్గిపోయి వేరే బాక్టీరియా పెరుగుతుంది. ఫ్లూకొనజోల్ ఫంగస్ మందు, బాక్టీరియా మీద పనిచేయదు. నువ్వు రెండోసారి వేసుకున్న మాత్రలు అందుకే వృథా అయ్యాయి. దీనికి మామూలుగా మెట్రోనిడజోల్ రోజుకు రెండుసార్లు 7 రోజులు, లేదా లోపల రాసుకునే క్లిండమైసిన్ క్రీము ఇస్తారు. అయినా డాక్టరు చూడకుండా కొనుక్కోవద్దు, ఒకసారి పొరపాటు పడ్డావు కదా.

పరీక్ష ఎలా ఉంటుందో చెప్తాను, భయం కొంత తగ్గుతుంది. దూది పుల్లతో స్రావం తీసి పీహెచ్ కాగితానికి అద్దుతారు. గాజు పలక మీద ఇంకొంచెం పూసి, ఒక చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తారు. బీవీ అయితే చేపల వాసన గుప్పుమంటుంది. మరో పలకను సూక్ష్మదర్శిని కింద చూస్తే యోని కణాల అంచులంతా బాక్టీరియా అంటుకుని, ఇసుక చల్లినట్టు కనిపిస్తాయి. అయిదు నిమిషాల పని.

పెళ్లయిందా అని అడిగితే తప్పుగా తీసుకోవద్దు. శారీరక సంబంధం లేని అమ్మాయికి యోనిని తెరిచి చూసే స్పెక్యులమ్ అనే పరికరం మామూలుగా పెట్టరు, సన్నని దూది పుల్లతోనే నమూనా తీస్తారు. అందుకే ఆ ప్రశ్న. కన్నడ సిస్టర్ ఉంటే ‘బిళి సెరగు’ అని చెప్పు, వెంటనే అర్థమవుతుంది.

ఆ ట్యూబు మీద క్లోబెటసాల్, బెక్లోమెథసోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడు. అవి స్టెరాయిడ్లు. దురదను రెండు రోజులు అణచిపెడతాయి, కింద ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది.

సంపంగి:
మల్లెతీగా, వాసన పోవాలని నేను రోజూ రెండు పూటలా పరిమళం ఉన్న ద్రవంతో, వేడి నీళ్లలో యాంటీసెప్టిక్ చుక్కలు వేసి లోపలిదాకా కడుక్కునేదాన్ని. కడిగినకొద్దీ వాసన పెరిగింది. డాక్టరమ్మ అన్నీ మానిపించి, బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగితే చాలన్నారు. పీజీలో లోదుస్తులు ఆరక తడిగానే వేసుకునే అలవాటు ఉంటే అదీ మానెయ్యి. వానాకాలంలో మేము ఇస్త్రీ పెట్టి ఆరబెట్టుకునేవాళ్లం.

ఇంకొక మాట. గర్భంతో ఉన్నప్పుడు నాకు ఫంగస్ వచ్చింది. ఇంట్లో మిగిలిన ఫ్లూకొనజోల్ వేసుకోబోతే అక్క ఆపింది. గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వరట. రాత్రి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు 7 రోజులకు రాశారు, దాంతో తగ్గింది.

హిందూపురం కోడలు (కె.ఆర్. పురం):
నాది వేరే కథ, రాయడానికి సిగ్గుగానే ఉంది. పసుపు పచ్చగా, నురగతో, దుర్వాసనతో అయ్యేది. కలయిక తర్వాత నొప్పి. పరీక్ష చేసి ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అన్నారు. ఇది లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. నా కాళ్లు చల్లబడ్డాయి, ఆయన మీద అనుమానంతో రెండు రాత్రులు నిద్ర లేదు. డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు: మగవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు, ఇది నెలల తరబడి బయటపడకుండా ఉండిపోగలదు, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో తేల్చలేం. ఇద్దరికీ మందులు రాశారు. మందులు పూర్తయి లక్షణాలు పోయేదాకా దూరంగా ఉండమన్నారు. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుందట. ఆయన మొదట నాకేమీ లేదని మొండికేశారు. చీటీ మీద తన పేరు కూడా చూశాక వాడారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకున్నాను, ఏమీ లేదు.

కోలారు పిన్ని:
అమ్మాయిలూ, నా వయసు 56. ఏడాదిలో నాలుగుసార్లు ఫంగస్ వచ్చింది. ప్రతిసారీ క్రీము రాసేదాన్ని, తగ్గేది, మళ్లీ వచ్చేది. ఈ వయసులో ఇదేమి ఖర్మ అని కోడలికి కూడా చెప్పలేదు. కొత్త డాక్టరు నా షుగర్ మందుల కవరు చూసి డాపాగ్లిఫ్లోజిన్ ఎప్పటి నుంచి వేసుకుంటున్నారని అడిగారు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆ మాత్ర ఒంట్లో చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతుంది, ఆ చక్కెర తగిలిన చోట ఫంగస్ పెరుగుతుంది. నేనే మానెయ్యలేదు, షుగర్ డాక్టరును అడిగాను, మార్చి ఇచ్చారు. మాటిమాటికీ ఫంగస్ వచ్చేవాళ్లు ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

బొమ్మనహళ్లి చెల్లి:
మా గార్మెంట్స్‌లో లైను వదిలి బాత్రూముకు వెళ్లడం కష్టమని నీళ్లే తాగం. మూత్రంలో మంట వస్తే తెల్లబట్ట మందు వాడేదాన్ని. అది మూత్రంలో ఇన్ఫెక్షన్ అని ఈఎస్ఐలో మూత్ర పరీక్ష చేశాక తెలిసింది.

వార్డు సిస్టర్:
పిన్నిగారు చెప్పింది బంగారం. ముట్లు ఆగినవాళ్లలో పొడిబారి మంట పుట్టడం కూడా ఉంటుంది, అది ఇన్ఫెక్షన్ కాదు, దానికి మందు వేరు. నెలసరి మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగే స్రావం, వాసన గానీ దురద గానీ లేకపోతే, జబ్బే కాదు, ఏ మందూ అక్కర్లేదు. అయితే జ్వరం, పొత్తికడుపు నొప్పి, పుండ్లు, కలయిక తర్వాత రక్తం, ముట్లు ఆగాక రక్తం, వీటిలో ఏది ఉన్నా మరుసటి రోజే వెళ్లండి. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు కె.ఆర్. మార్కెట్ దగ్గర వాణీ విలాస్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పొద్దున్నే వెళ్తే మంచిది.

మల్లెతీగ:
శనివారం వెళ్లాను. డాక్టరమ్మ పెళ్లయిందా అని అడిగారు, కాలేదన్నాను, అంతే, ఇంకేమీ అడగలేదు. పీహెచ్ కాగితం రంగు మారడం నాకు చూపించారు. బీవీయే. మెట్రోనిడజోల్ రాశారు. ఈ రోజు నాలుగో రోజు, నోరంతా ఇనుము నాకినట్టు ఉంది, అన్నం సహించడం లేదు. వాసన మాత్రం పోయింది. ఇక ఆపెయ్యవచ్చా అక్కా?

వార్డు సిస్టర్:
ఆపవద్దు చెల్లీ. నోట్లో ఆ రుచి ఈ మందు గుణమే, కోర్సు అయ్యాక పోతుంది. తిన్నాక వేసుకో, మిగిలిన మూడు రోజులూ పూర్తి చెయ్యి. బీవీ చాలామందికి కొన్ని నెలల్లో తిరగబెడుతుంది. అలా వస్తే ఈ చీటీ పట్టుకుని షాపుకు వెళ్లకు, మళ్లీ ఆ కాగితం పరీక్షే చేయించుకో.

మల్లెతీగ:
సరే అక్కా. రాత్రి మాత్ర ఇప్పుడే పెరుగన్నం తిని వేసుకున్నాను. అమ్మకు కూడా ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తనకూ నా వయసులో ఇలాగే ఉండేదని, ఎవరికీ చెప్పలేదని అంది. వచ్చే వారం తనను షుగర్ పరీక్షకు తీసుకెళ్తున్నాను.