ప్రార్థన మనవుల్లో చాడీలు: ఎలా ఆపాలి?

అందరికీ వందనాలు. మా చర్చి సంఘంలో శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవుల సమయం రాగానే గొంతులు తగ్గుతాయి, కుర్చీలు దగ్గరకు జరుగుతాయి. "ఫలానా వాళ్లమ్మాయి కోసం ప్రార్థించండి" అని మొదలై ఆ ఇంటి గుట్టంతా బయటపడుతుంది. పోయినవారం నేనూ ఒక మాట కలిపాను. అదే లోపల తొలిచేస్తోంది.

బైబిల్లో యాకోబు పత్రిక (అంటే లేఖ) 3వ అధ్యాయం నాలుకను నిప్పుతో పోలుస్తుంది. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4:15 ప్రేమతో సత్యం చెప్పమంటుంది. చెప్పాల్సిందేమో ఈ మాటలు మొదలుపెట్టే, మా అమ్మ వయసున్న ఆవిడకు. పైగా నా కష్టకాలంలో అన్నం పెట్టిన చేయి! విడిగా వెళ్లి చెప్పాలా? ఏ మాటతో మొదలుపెట్టాలి?

ఇంకొకటి: ఆ అమ్మాయి తల్లిని క్షమాపణ అడిగితే, ఆమెకు తెలియని సంగతి నేనే చెవిన వేసినట్టవుతుందా? ఇలాంటిది ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పండి.