రొవెష్షాతా: కార్లో పరోలా తన్నుకు తెలుగు మాట ఏది?

ప్రశ్న

మన భాషాసమూహపు క్రీడాపదాల పట్టికలో ‘బైసికిల్ కిక్’ అన్న ఆరోపానికి (అంటే పట్టికలో ఎక్కించిన పదానికి) ‘గాలిలో వెనక్కి పల్టీ కొట్టి, తలమీదుగా బంతిని గోలులోకి తన్నడం’ అని అర్థం రాసుకున్నాము. దీనిని ఇటాలియన్లు రొవెష్షాతా అంటారనీ, అక్కడ ఈ మాట వినగానే కార్లో పరోలా అనే పాతకాలపు ఫుట్‌బాల్ డిఫెండర్ గుర్తుకు వస్తాడనీ ఒక సభ్యులు చెప్పారు. గోలు కాపాడవలసిన డిఫెండర్‌కు ఈ తన్నుతో పనేమిటి? ఆ ఇటాలియన్ మాటను తెలుగులో ఎలా చెప్పాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు

ముందుగా ఉచ్చారణ సంగతి. ఇటాలియన్‌లో త, ద లు మన దంత్యాలకు దగ్గరగా పలుకుతాయి కాబట్టి, ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుని ‘రొవెసియాటా’ అని రాయవలసిన అవసరం మనకు లేదు. ‘రొవెష్షాతా’ అంటే మూలానికి చాలా దగ్గరగా ఉంటుంది. ‘రొవెష్షారే’ అన్న క్రియ నుంచి పుట్టిన నామవాచకం ఇది. ఆ క్రియకు తిరగవేయడం, ఒలకబోయడం, గిన్నెను బోర్లించడం, ప్రభుత్వాన్ని కూలదోయడం వంటి అర్థాలన్నీ ఉన్నాయి. దీని చుట్టమే అయిన ‘రొవెష్షో’ అన్న మాటకు బట్ట వెనుకవైపు, టెన్నిస్‌లో బ్యాక్‌హ్యాండ్, ఉన్నట్టుండి కుమ్మరించే వాన అని మూడు వాడుకలు కనిపిస్తాయి. వీటన్నింటి వెనుక ఉన్న భావం ఒక్కటే: ఒక వైపు ఉన్నది రెండో వైపుకు తిరగడం.

తెలుగులో ఇక్కడే ఒక చిక్కు ఉంది. నిఘంటువు చూసి ‘బోర్లింపు తన్ను’ అని అనువదిస్తే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. మనకు బోర్లా అంటే ముఖం నేలవైపు, వెల్లకిలా అంటే ముఖం ఆకాశంవైపు. ఇటాలియన్ క్రియ తిరగడాన్ని మాత్రమే చెప్పి, ఎటు తిరిగారన్నది సందర్భానికి వదిలేస్తుంది. తెలుగు ఆ రెండు స్థితులకూ వేరువేరు మాటలు ఇచ్చింది కాబట్టి మనం తప్పనిసరిగా ఒకటి ఎంచుకోవాలి. రొవెష్షాతాలో ఆటగాడి వీపు నేలవైపు ఉంటుంది. కనుక ఎంచుకోవలసింది వెల్లకిలనే.

ఇక డిఫెండర్‌కు దీనితో పనేమిటన్న ప్రశ్న. పట్టికలోని నిర్వచనాన్ని సవరించడానికి అసలైన కారణం నాకు ఇందులోనే కనిపిస్తోంది. 1950 జనవరి 15న ఫ్లోరెన్స్‌లో ఫియొరెంతీనా, జువెంటస్ జట్ల మధ్య పోటీ జరిగింది. ఆట ముగింపు దగ్గరపడుతుండగా ఫియొరెంతీనా ముందువరుస ఆటగాడు ఎజిస్తో పండోల్ఫీని కోసం వెనుకనుంచి పొడుగాటి బంతి వచ్చింది. అది అతనికి అందితే గోలు తప్పేలా లేదు. జువెంటస్ రక్షణవరుస నడుమ ఉన్న పరోలా గాలిలోకి లేచి, వెల్లకిలా వాలుతూ, తన గోలుకు దూరంగా పోయేలా బంతిని తలమీదుగా తన్నేశాడు. పోటీ 0-0తో ముగిసింది. అంటే ఫుట్‌బాల్ చరిత్రలో ఎక్కువమంది కళ్లలో నిలిచిన రొవెష్షాతాలలో ఒకటి గోలు కొట్టడానికి వేసినది కాదు, గోలు పడకుండా ఆపడానికి వేసినది. మన నిర్వచనంలో ‘గోలులోకి’ అన్న మాట ఉన్నంతకాలం ఈ తన్నుకు అందులో చోటు ఉండదు.

ఆ క్షణాన్ని కొర్రాదో బాంకి అనే ఫొటోగ్రాఫర్ పట్టుకున్నాడు. పరోలా శరీరం మొత్తం గాలిలో ఉంటుంది, వీపు నేలవైపు వాలి ఉంటుంది, ఒక కాలు బంతివైపు నిలువునా సాగి ఉంటుంది. గమనించవలసింది కాళ్ల తీరు. ఈ తన్నులో రెండు కాళ్లూ ఒకేసారి లేవవు. తన్నని కాలు ముందు లేస్తుంది, అది కిందికి దిగే ఊపుతో తన్నే కాలు పైకి దూసుకుపోతుంది, చివరికి చేతులూ భుజాలూ ముందుగా నేలను తాకి దెబ్బను కాచుకుంటాయి. కాళ్లు అలా ఒకదాని వెంట ఒకటి తిరగడం చూసే ఇంగ్లీషువారూ పోర్చుగీసువారూ దీనికి సైకిల్ పేరు పెట్టారు. ఇటాలియన్ పేరు కాళ్లను పట్టించుకోదు, తిరగబడిన ఒంటిని చూస్తుంది. జర్మన్ మాటలోనూ వెనక్కి పడుతూ తన్నడమన్న భావమే ఉంది. దక్షిణ అమెరికాలో ఈ పేరు ఊళ్ల గొడవగా మారింది: చిలీవారు ‘చిలేనా’ అంటే, పెరూవారు కయావో రేవు పట్టణవాసుల పేరుమీద ‘చలాకా’ అంటారు, మొదట వేసింది తామేనని ఇరువురూ ఇప్పటికీ పట్టు విడవరు. ఆ వాదులోకి మనం దిగనవసరం లేదు. పరోలా కూడా దీనిని కనిపెట్టినవాడు కాడు. ఇటలీలో ఆ మాటకు ఒక రూపం ఇచ్చినవాడు, అంతే.

అటువంటి తన్ను అతనికే ఎందుకు అబ్బింది? దీనికి జవాబు అతను ఆడిన స్థానంలో ఉంది. ఇటాలియన్లు ఆ స్థానాన్ని ‘చెంత్రొమెదియానో’ అనేవారు; మన పాత తరం ఆటగాళ్ల భాషలో సెంటర్ హాఫ్. 1930లలో ఇటలీ జాతీయ జట్టును రెండుసార్లు ప్రపంచకప్ విజేతగా నిలిపిన వితోరియో పొత్సో పద్ధతిలో, అంటే ‘మెతొదో’లో, సెంటర్ హాఫ్ మైదానం నడుమ నిలబడి ఆట మొత్తాన్ని నడిపించేవాడు, బంతి లాక్కోవడమూ, దానిని ముందుకు పంచడమూ రెండూ అతని బాధ్యతలే. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ‘సిస్తేమా’లో అదే ఆటగాడు వెనక్కి జరిగి, ఇద్దరు బ్యాక్‌ల నడుమ నిలిచి, ఎదుటి సెంటర్ ఫార్వర్డ్‌ను కనిపెట్టుకుని ఉండే స్టాపర్ అయ్యాడు. పరోలా తరం ఈ రెండు పద్ధతుల సంధికాలంలో ఆడింది. స్టాపర్లలో చాలామంది బంతి దొరికితే చాలు, ఎటు పోయినా సరే అన్నట్లు బలంగా బాదేవారు. పరోలాకు మొదటి పద్ధతి నేర్పిన సొగసూ, రెండో పద్ధతి కోరిన కాపలా బాధ్యతా రెండూ ఉండేవని ఇటాలియన్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తన గోలువైపు ముఖం పెట్టి వెనక్కి పరుగెత్తే డిఫెండర్‌కు, తలమీదుగా పోతున్న బంతిని ఆపడానికి మళ్లీ వెనుదిరిగే వ్యవధి ఉండదు. అందుకే అతనికి రొవెష్షాతా ఆడంబరం కాదు, ఒక పనిముట్టు.

అతని జీవిత వివరాలు క్లుప్తంగా చెబుతాను. 1921 సెప్టెంబర్ 20న తురీన్‌లో పుట్టాడు. 1939 నుంచి 1954 వరకు సొంత ఊరి జట్టు జువెంటస్‌కు ఆడి, చివరి ఏడాది లాజియోకు మారాడు. జువెంటస్‌తో 1941-42లో ఇటలీ కప్పును, 1949-50, 1951-52 సీజన్లలో లీగ్ టైటిళ్లను గెలిచాడు. వీటిలో 1949-50 నాటిది 1935 తరువాత ఆ క్లబ్బుకు దక్కిన మొదటి టైటిల్. ఫ్లోరెన్స్ పోటీ జరిగింది ఆ సీజన్‌లోనే. మంచి వయసులో ఉండగా యుద్ధం రావడంతో జాతీయ జట్టుకు పది పోటీలు మాత్రమే ఆడగలిగాడు. వాటిలో చివరిది 1950 ప్రపంచకప్‌లో సావో పావ్లో మైదానంలో స్వీడన్ చేతిలో 3-2తో ఇటలీ ఓడిన పోటీ. 2000 మార్చి 22న తురీన్‌లోనే కన్నుమూశాడు.

ఒక పోటీ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. బ్రిటన్ ఫుట్‌బాల్ సంఘాలు మళ్లీ ఫిఫాలో చేరిన సందర్భంగా 1947 మే 10న గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో బ్రిటన్ జట్టుకూ మిగతా యూరప్ జట్టుకూ పోటీ పెట్టారు. లక్షా ముప్పై వేలకు పైగా జనం వచ్చిన ఆ మైదానంలో యూరప్ తరఫున ఆడిన ఏకైక ఇటాలియన్ పరోలా. యూరప్ 6-1తో ఓడిపోయింది. ఆ ఆరింటిలో ఒకటి పరోలా వేసుకున్న సొంత గోలు. అయినా ఇటలీలో అతని పేరు పెరిగిందే గానీ తగ్గలేదు, ‘యూరప్ ఆటగాడు’ అన్న గౌరవం వెంట వచ్చింది. ఓడిపోయిన జట్టులో, అందులోనూ సొంత గోలు వేసుకున్న డిఫెండర్‌కు ఇటువంటి పేరు రావడం అరుదు. శిక్షకుడిగా 1974-75లో జువెంటస్‌ను లీగ్ విజేతగా నిలిపాడు. మరుసటి ఏడాది అదే ఊరి పోటీ జట్టు తొరీనో రెండు పాయింట్ల తేడాతో టైటిల్ ఎగరేసుకుపోయింది, ఆ పదవి జొవాన్ని త్రపత్తోనికి వెళ్లింది.

ఇవన్నీ నేటి ఇటాలియన్ పిల్లలకు తెలియకపోవచ్చు. అతని బొమ్మ మాత్రం తెలుసు. 1961లో మోదెనా పట్టణంలో మొదలైన పనీని సంస్థ ఫుట్‌బాల్ ఆటగాళ్ల అతికింపు బొమ్మల పొట్లాలు అమ్ముతుంది. 1960ల నడుమ నుంచి ఆ ఆల్బంల మీదా పొట్లాల మీదా బాంకి ఫొటో ఆధారంగా గీసిన ఆటగాడి బొమ్మ కనిపిస్తూ వచ్చింది. జువెంటస్ నలుపు తెలుపు చారలు తీసేసి ఎర్ర చొక్కా తొడిగారు, ముఖంలో పోలిక ఉండీ లేనట్లు చేశారు. తన్ను మాత్రం ఉన్నది ఉన్నట్లే ఉంచారు. బడి దగ్గర పొట్లం విప్పిన పిల్లలు ఒక్కో బొమ్మ తిరగేస్తూ ‘చేలో, చేలో, మాంకా’ అంటారు. ‘ఉంది, ఉంది, లేదు’ అని దాని భావం. అలా ఒక డిఫెండర్ బంతిని గోలునుంచి దూరంగా కొట్టిన క్షణం ఒక దేశపు బాల్యానికి ముద్రగా మారింది.

భాషాసమూహం కాబట్టి ఒక పిడకలవేట. ఇటాలియన్‌లో ‘పరోలా’ అంటే మాట. మనం మాట ఇవ్వడం, మాట నిలబెట్టుకోవడం అన్నట్లే వారికీ ‘గౌరవపు మాట’ అన్న పలుకుబడి ఉంది. తిరిగి వస్తానని మాట ఇచ్చి బయటికి వెళ్లే ఖైదీ గురించి మన పత్రికలు రాసే ‘పెరోల్’, ఫ్రెంచి మీదుగా వచ్చిన ఇదే కుటుంబపు పదం.

నా ప్రతిపాదన: నామవాచకంగా ‘వెల్లకిల తన్ను’. వాక్యంలో క్రియగా ‘వెల్లకిలా వాలి తన్నాడు’. డిఫెండర్ వేసినప్పుడు ‘తిప్పికొట్టాడు’ అనడం మరీ బాగుంటుంది, ఎందుకంటే దాడిని తిప్పికొట్టడమన్న అర్థం మనకు పత్రికల నిండా ఉన్నదే. ఇక్కడ ఒళ్లు తిప్పడమూ అందులో ఇమిడిపోతుంది.

మరొక సభ్యురాలి వ్యాఖ్య

వివరణకు ధన్యవాదాలండీ. అయితే ‘పిల్లిమొగ్గ’ వంటి చక్కని మాట ఉండగా ‘వెల్లకిల’ ఎందుకు? పైగా ‘తన్ను’ అనగానే తన్నులు తినడమే గుర్తుకు వస్తుంది. పట్టికలో అది కొంచెం మోటుగా ఉండదా?

జవాబు

పిల్లిమొగ్గ నాకూ ఇష్టమైన మాటే. కానీ పిల్లిమొగ్గలో తల కిందికి పెట్టి, ఒళ్లు ఒక చుట్టు పూర్తిగా తిరిగి, మళ్లీ కూర్చున్న స్థితికి వస్తుంది. పల్టీలోనూ చుట్టు పూర్తి కావాలి. రొవెష్షాతాలో ఆటగాడు సగం తిరిగి, బంతిని తాకి, వీపుమీద పడతాడు. చుట్టు ఎప్పటికీ పూర్తి కాదు. అందుచేత ప్రస్తుత నిర్వచనంలోని ‘పల్టీ కొట్టి’ కూడా మారవలసిందేనని నా అభిప్రాయం. ఇటాలియన్లు ఇటువంటి తేడాలను గట్టిగా పాటిస్తారు: ఒంటిని పక్కకు వాల్చి కాళ్లు కత్తెరలా ఆడించి కొడితే అది రొవెష్షాతా కాదు, ‘స్ఫొర్బిచాతా’, అందులో ఉన్నది కత్తెర. మన పత్రికలు ‘సిజర్ కిక్’ అన్న పేరుతో ఈ రెండింటినీ కలిపేస్తుంటాయి. ‘కత్తెర తన్ను’కు వేరే ఆరోపం పెట్టడం మంచిది.

ఇక మోటుదనం విషయం. బహువచనంలో ‘తన్నులు’ దెబ్బలే, నిజమే. కానీ ‘బంతిని తన్నాడు’ అనడంలో ఎవరికీ ఎబ్బెట్టు తోచదు. ‘తాపు’ అన్న మాట కూడా ఉంది గానీ, అది గుర్రాన్నీ గాడిదనూ వదిలి మైదానంలోకి రావడానికి కొంత కాలం పడుతుంది. సభ్యులకు అభ్యంతరం లేకపోతే ఆరోపాన్ని ఇలా మార్చవచ్చు:

వెల్లకిల తన్ను: ఆటగాడు గాలిలోకి లేచి, వీపు నేలవైపు వాలుతుండగా, తలకంటే ఎత్తున ఉన్న బంతిని తలమీదుగా వెనక్కి తన్నడం, గోలు కొట్టడానికైనా, గోలు కాపాడుకోవడానికైనా. రూపాంతరాలు: బైసికిల్ కిక్, రొవెష్షాతా. ప్రయోగం: ‘పండోల్ఫీనికి అందబోతున్న బంతిని పరోలా వెల్లకిల తన్నుతో తిప్పికొట్టాడు.’