వేడెక్కాక ఆర్ఎక్స్ 100 ఇంజను వేగం దిగడం లేదు: గాలి లీకా, జెట్టా?

విజయనగరంలో మా ఇంటి షెడ్డులో 1994 యమహా ఆర్ఎక్స్ 100 బైకును కెఫే రేసర్‌గా, అంటే పాతకాలపు రేసు బండి రూపంలోకి, మారుస్తున్నాను. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి, కార్బురేటర్‌కే నేరుగా చిన్న ఫిల్టర్ బిగించినప్పటి నుంచి తంటా. తప్పు బండిది కాదు, నాదే. ఆ డబ్బాను తుక్కుకు అమ్మేశాను కూడా.

చల్లగా ఉంటే బాగానే నడుస్తుంది. నెల్లిమర్ల రోడ్డులో 10 నిమిషాలు తిరిగాక, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలినా ఇంజను మూడు నాలుగు సెకన్లు అరుస్తూనే ఉంటుంది. ప్లగ్గు కొన సుద్దముక్కలా తెల్లబడుతోంది, అంటే గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదన్నమాట.

పెట్రోలు ఎక్కువ అందాలని కార్బురేటర్‌లోని మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) రెండు సైజులు పెంచాను. అందుకే కార్బురేటర్ సూది క్లిప్పును కూడా పై నుంచి మూడో గాడిలోంచి నాలుగో గాడికి దించాను. కార్బురేటర్ రబ్బరు కొత్తది, కేబుల్ ఎక్కడా పట్టేయడం లేదు. అయినా అదే అరుపు.

ఇంజను విప్పకుండా, ఇది క్రాంకు సీలు (క్రాంకు షాఫ్టు చివర గాలి చొరబడకుండా ఆపే రబ్బరు) గాలి లాగడమా, పైలట్ జెట్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు అందించే జెట్) చాలకపోవడమా అని ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?