ఆదివారం ఉదయగిరి దుర్గం నడక – పనులు ఎవరెవరివి

వేదాయపాళెం అక్క – బుధవారం రాత్రి 8:10
వంటాయన రేపు పొద్దున పదికల్లా లెక్క చెప్పమంటున్నాడు. ఇప్పటికి 62 మంది డబ్బు కట్టారు. అందులో కొండ ఎక్కకుండా కింద ఉండేవాళ్ళు 14 మంది. ఇంకా ఎవరైనా ఉంటే ఈ రాత్రికే చెప్పండి, రేపు చెబితే చేర్చలేను. మిగతావి: టీషర్టు సైజులు 23 మంది ఇవ్వలేదు. బ్యానరు మీద ఏం రాయించాలో మాస్టారు చెప్పాలి. అంత్యాక్షరి, పిల్లల ఆటలు వదిన. మందుల పెట్టె డాక్టరమ్మ. నీళ్ళ క్యాన్లు, బస్సులు బాబాయ్. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో ఇక్కడే రాయండి.

స్టోన్‌హౌస్‌పేట వదిన – 8:32
మా ఆడపడుచు, వాళ్ళ అబ్బాయి వస్తారు. 64 రాసుకో. అబ్బాయి ఎక్కుతాడు, ఆమె కూడా ఎక్కుతానంటోంది.

మూలాపేట మాస్టారు – 8:50
బ్యానరు సంగతి రేపు చెబుతాను. పోయిన ఆదివారం మేం ముగ్గురం ఎక్కి చూసి వచ్చాం. మొదటి కోట గోడ దాకా దారి బాగానే ఉంది. అక్కడి నుంచి రాళ్ళు కదులుతున్నాయి, రెండు చోట్ల ముళ్ళ కంప దారికి అడ్డంగా పెరిగింది. చెప్పులతో ఎవరూ రాకండి, బూట్లే వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఎవరివి వాళ్ళే మోసుకోవాలి. పైన కోనేళ్ళు ఉన్నాయి కానీ ఆ నీళ్ళు తాగేవి కావు. ఏడున్నరకల్లా మొదటి మెట్టు మీద ఉండాలి, ఒంటిగంటకల్లా అందరూ కిందికి దిగిపోవాలి.

ఉదయగిరి తమ్ముడు – 9:25
అక్కా, ఒక ఇబ్బంది వచ్చింది. కొండ కింద మనం మాట్లాడుకున్న కళ్యాణమండపం వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేసి ఆదివారం కుదరదన్నారు. మాఘమాసం కదా, ఆ రోజు ముహూర్తం ఉందట. పెళ్ళివాళ్ళు శనివారం సాయంత్రమే దిగుతారట. అడ్వాన్సు పదివేలు నా ఫోన్‌కి తిరిగి వేసేశారు. వంటశాల ఒక్కటైనా ఇవ్వమన్నాను, వెనక వరండా అయినా చాలన్నాను. లాభం లేదు.

వేదాయపాళెం అక్క – 9:28
ఇంకా నాలుగు రోజులు లేవు కదా తమ్ముడూ! వంటాయన పొయ్యి ఎక్కడ పెడతాడు?

దర్గామిట్ట డాక్టరమ్మ – 9:34
పొయ్యి సంగతి తర్వాత. ఆ 14 మంది పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా ఎక్కడ కూర్చుంటారు? అందులో ఆరుగురికి షుగరు ఉంది, ఇద్దరికి మోకాలి ఆపరేషను అయింది. ఆడవాళ్ళకు బాత్రూం లేకపోతే నీళ్ళు తాగడం మానేస్తారు, పోయినసారి చూశాం. నీడ, బాత్రూం, నడుం వాల్చడానికి చోటు, ఈ మూడూ లేకుండా నేను ఒప్పుకోను.

ఆత్మకూరు బస్టాండ్ బాబాయ్ – 9:41
అయితే పెంచలకోన పోదాం. దూరం కూడా తక్కువ. గుడి ఉంది, సత్రాలున్నాయి, పెద్దవాళ్ళు స్వామి దర్శనం చేసుకుని కూర్చుంటారు. మనం జలపాతం దాకా నడిచి వస్తాం. బస్సులవాళ్ళకు నేను చెప్పుకుంటాను, ఎటుపోయినా వాళ్ళకు ఒకటే.

మస్కట్ అన్న – 9:52
పెంచలకోన వద్దు. ఉదయగిరి అనుకున్నాం, ఉదయగిరే పోదాం. తమ్ముడూ, పదివేలు ఇచ్చినప్పుడు రసీదు తీసుకున్నావా లేదా? రసీదు ఉంటే వాళ్ళు ఇట్లా ఎట్లా మాట మారుస్తారు? ఇరవై రోజుల నుంచి అడుగుతున్నాను, అంతా ఖాయం అన్నావు కదా.

ఉదయగిరి తమ్ముడు – 9:55
రసీదు లేదన్నా. మా ఊళ్ళో మాట మీదే నడుస్తుంది. ఖాయం అనే చెప్పారు.

మస్కట్ అన్న – 9:57
మాట మీద నడిస్తే ఇట్లాగే ఉంటుంది. ఒక్క కాగితం ముక్క తీసుకోవడానికి ఏం అడ్డం వచ్చింది?

ఆత్మకూరు బస్టాండ్ బాబాయ్ – 10:03
రసీదు ఉంటే మాత్రం పెళ్ళి ఆపి మనకు ఇస్తారా అబ్బయ్యా? ఉపాయం చెబితే అది పనికిరాదంటివి. ఇంకోటి నువ్వు చెప్పు.

వేదాయపాళెం అక్క – 10:06
అన్నా, ఆ పిల్లవాడు నెల నుంచి పని మానుకుని మన కోసం తిరుగుతున్నాడు. మీరు అక్కడ కూర్చుని ఇక్కడున్నవాళ్ళను నిలదీయడం ఏం బాగాలేదు. లెక్కలు రాసేది నేను. రసీదు అడగాల్సిందీ నేనే. అనాల్సింది ఉంటే నన్ను అనండి.

నెల్లూరు పొదలకూరు రోడ్డు – 10:15
టీషర్టు: నాది ఎక్స్‌ఎల్, మా వాడిది ఎం.

మూలాపేట మాస్టారు – 10:40
అందరూ కొంచెం నెమ్మదించండి. పెంచలకోన మంచి చోటే, ఇంకోసారి తప్పకుండా పోదాం. కానీ ఈసారి పిల్లలు పదిహేడు మంది వస్తున్నారు, వాళ్ళకు నేనొక మాట ఇచ్చాను. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో గెలిచిన కొండ అది. సైన్యం బురుజుల దాకా పోవడానికి కొండరాళ్ళు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసి పెట్టాడు. ఇక్కడి నుంచి విజయనగరానికి, అంటే ఇప్పటి హంపీకి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఆ విగ్రహం ఫోటో చూపించి, ఇది బయల్దేరిన చోటికి తీసుకుపోతాను రండిరా అని చెప్పాను. పైనున్న మసీదులో గోల్కొండ నవాబుల కాలం నాటి పారశీక శాసనం కూడా చూపించాలి. ఒడిశా గజపతుల కోట, రాయలు గెలిచిన కోట, తర్వాత గోల్కొండ కుతుబ్‌షాహీల చేతికి వచ్చిన కోట, మూడూ ఒక్క కొండ మీదే. నెల్లూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఇది పెట్టుకుని మన పిల్లలు హంపీ మాత్రమే చూసి వస్తున్నారు. అది నాకు బాధగా ఉంది. చోటు దొరక్కపోతే చెట్టు కిందైనా సరే, ఉదయగిరే పోదాం.

దర్గామిట్ట డాక్టరమ్మ – 10:44
చెట్టు కింద బాత్రూం ఉండదు మాస్టారూ.

మస్కట్ అన్న – గురువారం ఉదయం 6:20
రాత్రి నిద్ర పట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేసి మాట్లాడాను, ఇక్కడ కూడా చెబుతున్నాను, నేను అట్లా అనకూడదు. అక్కా, బాబాయ్, మీరూ ఏమీ అనుకోవద్దు. అమ్మ పుట్టింది ఉదయగిరిలో. పద్నాలుగేళ్ళకు పెళ్ళయి నెల్లూరు వచ్చింది, వాళ్ళ నాన్న పోయాక మళ్ళీ ఆ ఊరికి పోలేదు. మోకాళ్ళు పోయాయి, కొండ ఎక్కలేదు, కింద కూర్చుని చూస్తే చాలంటోంది. నేను సెలవు పెట్టిందే దానికోసం. ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది.

ఆత్మకూరు బస్టాండ్ బాబాయ్ – 6:31
ఆ మాట మొదటే చెప్పుంటే పెంచలకోన పేరే ఎత్తేవాణ్ణి కాదు కదా. పెద్దమ్మను నేనే దగ్గరుండి దించుతాను. ఇక చోటు వెతుకుదాం.

ఉదయగిరి తమ్ముడు – 11:15
అక్కా, డాక్టరమ్మా, చోటు దొరికింది. మా ఖాలా, అంటే మా అమ్మ తోడబుట్టినామె ఇల్లు. కొండ దారికి నడిచి పది నిమిషాలు. ముందు రేకుల పంచ, వెనక పెద్ద పెరడు, రెండు వేపచెట్లు. ఖాలా, ఆమె కోడళ్ళు చెక్క గరిటెలు చేస్తారు, పెరట్లో సగం నర్ది, బిక్కి కొయ్య ఉంది. అదంతా ఒక పక్కకు సర్దుతామన్నారు. బాత్రూం ఒకటి ఉంది, పక్కింటివాళ్ళు వాళ్ళదీ వాడుకోమన్నారు. అరవై మందికి వంట మాత్రం అక్కడ కుదరదు, కొయ్య పొట్టు ఉంది, నిప్పు రాజేయడానికి లేదు.

దర్గామిట్ట డాక్టరమ్మ – 11:20
రెండు బాత్రూములు చాలు. పక్కింటివాళ్ళకు నా తరఫున చేతులెత్తి దండం పెట్టానని చెప్పు.

స్టోన్‌హౌస్‌పేట వదిన – 11:48
వంటాయన వద్దు. ఇళ్ళలోనే వండుదాం. ఎనిమిది ఇళ్ళు ఒప్పుకుంటే ఒక్కొక్కరు ఎనిమిది మందికి. నిమ్మకాయ పులిహోర నాలుగిళ్ళు, పెరుగన్నం నాలుగిళ్ళు. పొదలకూరు నుంచి నిమ్మకాయలు నేను తెప్పిస్తాను. రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. అన్నం పూర్తిగా చల్లారాకే రసం పిండండి, వేడి మీద కలిపితే మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. పెరుగన్నానికి అన్నం మెత్తగా వండి, కాచి చల్లార్చిన పాలు ఎక్కువ పోసి, పెరుగు తోడుకు సరిపడా మాత్రమే వేయండి, తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. మొత్తం పెరుగే పోస్తే ఎండకు పులిసిపోతుంది. చల్లమిరపకాయలు మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి.

వేదాయపాళెం అక్క – 12:05
నేను పులిహోర. వంటాయనకు చెప్పేశాను, రెండువేలు పట్టుకున్నాడు, పోనీ. డబ్బు మిగులుతుంది. ఖాలాకు ఎంత ఇమ్మంటారు?

ఉదయగిరి తమ్ముడు – 12:30
అడిగాను అక్కా, కోప్పడింది. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటామా అంది.

మూలాపేట మాస్టారు – 12:52
అయితే ఇంటికొక గరిటె అయినా కొందాం. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు ఉంది, పిల్లలకు అదీ చూపించినట్టవుతుంది. చెక్కను కత్తితో చెక్కి, ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది ఎట్లా నునుపు చేస్తారో ఖాలా ఒక్కటి చేసి చూపిస్తే చాలు. అసలు ధరకే కొనాలి, ఎవరూ బేరం ఆడొద్దు.

పొదలకూరు రోడ్డు – 1:10
పెరుగన్నం మాది. మలై కాజాలు ఒక పెట్టె కూడా తెస్తాను.

మస్కట్ అన్న – శనివారం మధ్యాహ్నం 2:15
పొద్దున నెల్లూరు చేరాను. నీళ్ళ క్యాన్లు నేను, బాబాయ్ బస్సుల్లో ఎక్కించాం. ఈత చాపలు ఆరు కొన్నాను, ఇంకా ఏమన్నా కావాలా?

దర్గామిట్ట డాక్టరమ్మ – 2:40
ప్లాస్టిక్ కుర్చీలు పది. మోకాళ్ళవాళ్ళు చాప మీద కూర్చుంటే లేవలేరు. మందుల పెట్టెలో క్రేపు బ్యాండేజీ, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ముల్లు తీసే పట్టకారు పెట్టాను. మాస్టారు ముందు నడవండి, నేను అందరికంటే వెనక వస్తాను.

ఉదయగిరి తమ్ముడు – సాయంత్రం 6:05
కుర్చీలు పక్కింట్లో ఉన్నాయి, తేవద్దు. పెరడు ఊడ్చి నీళ్ళు చల్లాం, రెండు నులక మంచాలు వేశాం. దారికి అడ్డంగా ఉన్న కంప నేనూ మా తమ్ముడూ పోయి కొట్టేసి వచ్చాం. అన్నా, అమ్మ వాళ్ళది ఏ వీధి అని ఖాలా అడుగుతోంది.

మస్కట్ అన్న – 6:20
రంగనాయకుల గుడి దగ్గర అంటోంది. ఇంటి ముందు రాతి గట్టు బావి ఉండేదట.

ఉదయగిరి తమ్ముడు – 6:48
ఖాలాకు ఆ బావి తెలుసు. ఇప్పుడు పైన ఇనుప జాలీ వేశారు, గట్టు అట్లాగే ఉంది. చిన్నప్పుడు తనూ అక్కడే నీళ్ళు చేదుకునేదట.

మస్కట్ అన్న – 6:55
అమ్మకు చెప్పాను. వెంటనే చూడాలంటోంది. బాబాయ్, కొండ దగ్గరికి పోయే ముందు బస్సు ఆ వీధి మీదుగా పోతుందా?

ఆత్మకూరు బస్టాండ్ బాబాయ్ – 7:10
పెద్ద బస్సు ఆ సందులో తిరగదు అబ్బయ్యా. తమ్ముడు ఆటో పెడతాడు, పెద్దమ్మనూ ఖాలానూ కూర్చోబెట్టి తీసుకుపోతాడు, నువ్వు కూడా పో. మేం ఎక్కుతూ ఉంటాం, వెనకే వచ్చి కలువు. రేపు నాలుగున్నరకు బస్సులు ఆత్మకూరు బస్టాండ్ దగ్గర ఉంటాయి. అన్నం గిన్నెలు తెచ్చేవాళ్ళు ముందు ఎక్కండి, డ్రైవరు వెనక చోటు ఉంచాను.