కాలువ గట్టు మీదుగా బడికి సైకిల్: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. పాప ఏడో తరగతి. ఇన్నాళ్లూ ఆటోలో వెళ్లేది, ఈ ఏడు సైకిలే కావాలని పట్టుబట్టింది. బడి మూడు కిలోమీటర్లు. సగం కాలువ గట్టు, మిగతాది బస్సులు తిరిగే తారు రోడ్డు. వాళ్ల నాన్నగారికి బస్సుల భయం, నాకు కాలువంటే టెన్షన్. పంపొచ్చంటారా?

జవాబు:
పంపండమ్మా. కానీ మీ భయం ముందు చూడాలి. బస్సు హారన్ కొడుతుంది, కాలువ కొట్టదు కదండి.

మా పిల్లలు గట్టు మీదే తొక్కి పదో తరగతి దాటారు. ఓసారి ధాన్యం ట్రాక్టర్ ఎదురొస్తే పెద్దాడు దారిద్దామని అంచుకి జరిగాడు. వానకి నానిన మట్టి చక్రం కింద జారింది. సైకిలు నీళ్లలో, వాడు తుమ్మకొమ్మ పట్టుకుని గట్టు వాలులో! అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే రూలు: గట్టు మీద పెద్ద బండి కనిపిస్తే, అది దూరంగా ఉండగానే సైకిల్ దిగి, కాలువ లేని వైపుకి వెళ్లి నిలబడాలి. ఎడమ పక్కనే వెళ్లాలన్న లెక్క తొక్కేటప్పుడే. అన్నట్టు, పాపకి ఈత వచ్చా?

ఇంకోటి, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం. సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ దాళ్వా (రెండో పంట) మాసూళ్లకి ఏప్రిల్లో సగం రోడ్డు దానికే పోతుంది. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం ఆగుతుంది గానీ సైకిల్ ఆగదు, జారుతుంది. ధాన్యం పోసిన పరదా దాకా వచ్చి ఒక్కసారిగా నడిరోడ్డుకి తిప్పడం మరీ ప్రమాదం. పది గజాల ముందే వెనక్కి చూడాలి, బండి వస్తుంటే ఆగిపోవాలి. తప్పు మన రైతులదే, నాతో సహా. పిల్లలకి మాత్రం ఇదే నేర్పాలి.

జవాబు:
నాది సైకిల్ షాపండి. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకానాలి. 'పెరుగుతుంది కదా' అని పెద్ద సైజు కొంటారు, అదేమన్నా గౌనా? బ్రేకు రబ్బర్ల మీద గాడులు అరిగిపోతే మార్చేయండి. వానలో రిమ్ము తడిసి బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది, ముందునుంచే మెల్లగా నొక్కుతూ రావాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టేస్తే బోర్లా పడతారు.

పుస్తకాల సంచి హ్యాండిల్‌కి తగిలించొద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఈత రాదండి, సెలవుల్లో నేర్పిస్తాం. చున్నీ సంగతి? పొద్దున్నే మంచు పడితే?

జవాబు:
చున్నీ కొసలు నడుముకి ముడేయాలి, చైన్ గార్డు ఉండాలి. జనవరి మంచులో ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి. మరీ దట్టంగా ఉంటే ఆ పూట ఆటోనే. ఆగిన లారీకి ఎడమ పక్క సందులోంచి దూరొద్దని గట్టిగా చెప్పండి, డ్రైవరుకి అక్కడ సైకిల్ కనపడదు. హెల్మెట్ సైకిల్‌దే కొనండి, కనుబొమలకి రెండు వేళ్ల పైన ఆనాలి.

ప్రశ్న అడిగినవారు:
ఆదివారం ముగ్గురం కలిసి తొక్కొచ్చామండి. కాలువ లాకుల దగ్గర వంతెన దిగగానే మలుపు, సరిగ్గా అక్కడే కొబ్బరికాయల లారీలు ఆపుతున్నారు. అక్కడ దిగి నడవమన్నాం. సీటు ఇంకో అంగుళం దించాలి, రేపు షాపుకి తీసుకెళ్తాను.